పులివెందుల దాకా ఒక కాసెట్ వెనకాల

తిరిగొచ్చాక కనిపించిన ప్రతివాళ్లూ నన్ను అడిగింది ఒక్కటే: "బాంబులు చూశావా?" మా తెనాలి వాళ్లకు కడప జిల్లా అంటే సుమోలూ, వేటకొడవళ్లూ, గాల్లోకి లేచే దుమ్మూ. "చూడలేదండీ, ఉగ్గాని తిన్నాను" అంటే మొహాలు చిన్నబుచ్చుకున్నారు. మా పక్కింటావిడైతే "అంత దూరం పోయి నానబెట్టిన బొరుగులు తినొచ్చావా?" అని జాలిపడింది.

భయం వెయ్యలేదని కోతలు కొయ్యను. బాగానే వేసింది. కాకపోతే అది బాంబు వల్ల కాదు, అరవై నిమిషాల ఆడియో కాసెట్ వల్ల. దాన్ని చేతులారా ఇచ్చింది కూడా నేనే. అందుకే, అటు వెళ్లని వాళ్ల కోసం ఆ మూడు రోజుల సంగతి రాస్తున్నాను.

ప్రొద్దుటూరు: ఖాజా కొట్టు

నేను తెనాలిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్తాను. సెలవుల్లో కొట్లవాళ్లకు చిన్నచిన్న ప్రోగ్రాములు రాసిపెడతాను. నా దగ్గర చదివిన ప్రొద్దుటూరు అమ్మాయి తన మేనమామ ఖాజాకు నా గురించి గొప్పగా చెప్పింది. ఆయనకు పాటల రికార్డింగ్ సెంటర్ ఉంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు, దానితో ఏం చేయాలో తెలియలేదు. ఫ్లాపీలకు దుమ్ము పట్టకుండా స్టీలు టిఫిన్ డబ్బాలో సర్దుకుని బస్సెక్కాను. ఎన్నికలు ఇంకో మూడు వారాలున్నాయి. వర్గాల గొడవలు ముమ్మరంగా ఉన్న రోజులు కాబట్టి మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బస్టాండు ఎదురుగా హోటల్లో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి నాలుగు రూపాయలు. తెనాలిలో రెండోసారి చట్నీ అడిగితే సర్వరు మన పుట్టుపూర్వోత్తరాలు అడిగేలా చూస్తాడు. ఇక్కడ నా ప్లేటులో చట్నీ తగ్గడం ఆలస్యం, గిన్నెతో వచ్చి నిలబడ్డాడు. "తిను మేడమ్, యాడికి పోతాంది?" అన్నాడు. కారానికి నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే "శానా తక్కువ ఏసినాంలే" అని ఊరడించాడు కూడా.

ఖాజా కొట్టు బంగారం కొట్ల వీధి చివర ఉంది. గోడల నిండా కాసెట్లు, బల్ల మీద రెండు టేప్ డెక్కులు. జనం కావలసిన పాటలు చీటీ మీద రాసిచ్చి పోతారు, సాయంత్రానికి ఖాజా వాటిని ఖాళీ కాసెట్‌లోకి ఎక్కించి ఇస్తాడు. ఇలా ఎక్కించడం తప్పని నాకు తెలుసు, ఖాజాకూ తెలుసు. కానీ ఏ పాట ఎంతసేపు ఉంటుందో ఆయనకు సెకన్లతో సహా నోటికొచ్చు. అసలు కంపెనీ కాసెట్లలోనే ఆఖరి పాట సగంలో తెగిపోవడం చూశాను గానీ ఖాజా కాసెట్‌లో చూడలేదు. కంప్యూటర్‌కు ముఖమల్ గుడ్డ కప్పి, మానిటర్‌కు దర్గా తాయెత్తు కట్టాడు. "దిష్టి తగులుతాది మేడమ్, ఈ వీధిలో ఇదొకటే ఉండేది" అన్నాడు.

సి భాష, సీమ మాట

"దీనికి ఏ భాష వస్తాది?" అని అడిగాడు ఖాజా, నేను ఫ్లాపీ తోయగానే.

ఆ ప్రశ్న నన్ను అడగకూడదు. అడిగితే గంట సేపు ఆగను. కోబాల్ అంటే నాకు గౌరవమే గానీ, అది కలెక్టరాఫీసుకు పెట్టుకునే అర్జీ. రెండు అంకెలు కూడాలన్నా ఊరూ పేరూ తండ్రి పేరూ చెప్పుకోవాలి. సి భాష అలా కాదు, ముక్కుసూటి మనిషి. చెప్పాల్సింది నాలుగు అక్షరాల్లో చెప్పి ఊరుకుంటుంది, మనం తప్పు చేస్తే చేశావని కూడా చెప్పదు. జావా అని కొత్తది వచ్చింది, మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాని పేరు చెప్పి ఫీజు పెంచారు, అంతకు మించి దాని మీద నాకింకా నమ్మకం కుదరలేదు. కొట్లవాళ్లకు మాత్రం ఫాక్స్‌ప్రో. అడిగింది వెతికి పెడుతుంది, పెద్ద చదువు చదవమనదు.

అంతా విని ఖాజా, "ఆ సి అనేదేందో మా సీమ మాట మాదిరే ఉండాది. మీ పక్కోళ్లదే ఆ అర్జీ భాష" అన్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికల్లా పాటల పట్టిక తయారైంది. పాట పేరు కొడితే ఏ కాసెట్, ఏ అర అన్నది తెర మీద కనిపిస్తుంది. కాసెట్‌కు రెండు పక్కలుంటాయి కదా అని ఒక్కో పక్కకూ విడిగా గడి పెట్టాను. ఖాజా చూసి, పార్టీల కాసెట్లకు రెండో పక్క గడి తీసెయ్యమన్నాడు.

అప్పుడు చెప్పాడు ఆ వ్యాపారంలో ఉన్న అలవాటు. ఎన్నికలొచ్చాయంటే ఖాళీ కాసెట్లు దొరకవు. అందుకని పోయిన ఎన్నికల్లో మిగిలిపోయినవి, ఏ పార్టీవైనా సరే, తీసి మొదటి పక్క మీద కొత్త పాటలు ఎక్కిస్తారు. రెండో పక్క జోలికి పోరు.

"ఎవురన్నా తిప్పి వేస్తే?" అన్నాను, నాకూ ఆ యాస అప్పటికే అంటుకుంది.

"జీపులో కాసెట్ తిప్పిన డ్రైవర్‌ను నా సర్వీసులో చూళ్లేదు మేడమ్. ఐపోతే వెనక్కి చుట్టి మళ్లా అదే పక్క వేస్తారు. జిల్లా అంతా ఇంతే."

పాడినవాళ్ల పేరు కూడా వద్దన్నాడు. రెండు పార్టీలకూ పాడేది ఒకే మనిషి, జమ్మలమడుగు ఎస్తేరమ్మ. పేరు రాస్తే రెండు పార్టీల దగ్గరా ఆమె చెడ్డవుతుంది. నేను రెండు గడులూ తీసేశాను. చిన్న ప్రోగ్రాము ఇంకా చిన్నదైందని సంతోషించాను కూడా.

ఓబులేసు డెక్కు

ఆ రోజు శుక్రవారం. ఖాజా నమాజుకు వెళ్తూ కొట్టు నాకప్పగించాడు. ఆయన అటు వెళ్లగానే ఒక జీపు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, తన పేరు ఓబులేసనీ, పులివెందుల అవతల ఊరి పెద్దాయన పంపాడనీ, పార్టీ కాసెట్ ఇవ్వమనీ అన్నాడు. నేను పార్టీ పేరు కొట్టాను. తెర మీద అర నంబరు వచ్చింది. ఆ అరలోంచి కాసెట్ తీసిచ్చాను. నా ప్రోగ్రాము చేసిన మొదటి పని అది, మహా గర్వపడ్డాను.

"మా డెక్కు సూడు మేడమ్" అని ఓబులేసు జీపు దగ్గరికి పిలిచాడు. వాళ్ల బామ్మర్ది కువైట్ నుంచి తెచ్చాడట. బొత్తాల మీద అరబ్బీ అక్షరాలున్నాయి. "కాసెట్ తిప్పే పనే ల్యా. ఒగ పక్క ఐపోతానే అదే రెండో పక్కకు పోతాది."

ఇలాంటి సామాన్ల మీద కూడా నాకు అభిప్రాయాలున్నాయి. మనిషి చేతికి కాస్త పని మిగల్చని యంత్రం అంటే నాకు గిట్టదు. పేజర్ అంటే అసలు గిట్టదు. కాసెట్ తీసి తిప్పే ఆ ఒక్క క్షణంలోనే కదా విన్న పాట గురించి తలుచుకునేది అని ఓబులేసుకు ఉపన్యాసం ఇచ్చాను. అతను మర్యాదగా విని, రేపు ఊళ్లో తొమ్మిదిన్నరకు ఊరేగింపు ముహూర్తమనీ, అంతవరకూ ఈ కాసెట్ వేయొద్దని పెద్దాయన ఆజ్ఞ అనీ, పాడినామెను తీసుకెళ్లడానికి జమ్మలమడుగు మీదుగా పోతున్నాననీ చెప్పి వెళ్లిపోయాడు.

ఖాజా రాగానే ఇదంతా వేళాకోళంగా చెప్పాను. కువైట్ డెక్కు సంగతికి వచ్చేసరికి ఆయన టోపీ చేత్తో పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"దానికదే తిరుగుతాదా?"

"తిరుగుతుందట."

"ఆ కాసెట్‌కు రెండో పక్క సుబ్బరాయుడి పాట ఉండాది మేడమ్."

సుబ్బరాయుడు అవతలి వర్గం మనిషి. పోయిన ఎన్నికల ముందు అతన్ని చంపారు. అతని తల్లి ఏడుపును ఎస్తేరమ్మ చేత పాటగా కట్టించి, పాడించి ఆ వర్గంవాళ్లు ఊరూరా తిప్పారు. కేసు ఇంకా నడుస్తోంది. కేసులో ఉన్నదంతా ఇప్పుడు కాసెట్ వెళ్తున్న ఊరివాళ్లే. చచ్చినవాడి పాట చంపారన్నవాళ్ల ఊరేగింపులో, వాళ్ల జీపులోంచే మోగితే, అది పాత కాసెట్ పొరపాటని ఎవరూ అనుకోరు.

"ఫోను చేసి చెప్దాం" అన్నాను.

"ఫోన్లో ఏమని చెప్పేది? బెదిరిస్తాండారనుకుంటారు. నేనే పోవాల. ముందు జమ్మలమడుగు పోయి ఎస్తేరక్కకు చెప్పాల, గొంతు ఆయమ్మది." కాసేపు గోడల మీద కాసెట్లను చూశాడు. "నన్ను కొట్టినా పడతా మేడమ్. కొట్టు కాలబెడితే మాత్రం నాకు ఇంగో పని రాదు."

కాసెట్ ఇచ్చింది నేను కాబట్టి నేనూ వస్తానన్నాను. ఆడమనిషివి వద్దన్నాడు. తెనాలి వాళ్లం మొండివాళ్లమని ఆయనకు అప్పుడే తెలిసింది.

జమ్మలమడుగు: ఎస్తేరమ్మ ఇల్లు

మేం దిగేసరికి పొద్దు వాలుతోంది. ఎస్తేరమ్మ ఇల్లు మిషన్ ఆసుపత్రి వెనక సందులో. మిషన్ బడిలో ఆయాగా చేసి మానేసింది, యాభై అయిదేళ్లుంటాయి, చర్చిలో ఆమె పాడితే పక్క వీధి హిందువులు కూడా తలుపులు తెరుచుకుని వింటారట. జీపు అప్పటికే వచ్చి వెళ్లిపోయింది. "బీడీల కంపు, నేను ఎక్కను, రేపు బస్సుకొస్తా అంటి" అంది. పులివెందుల వైపు ఆఖరి బస్సు కూడా వెళ్లిపోయింది. ఆ రాత్రికి ఆమె ఇంట్లోనే నేనూ, పక్క సందులో బంధువుల ఇంట్లో ఖాజా.

మమ్మల్ని చూసి ఎందుకొచ్చారని అడగలేదు, ముందు రొట్టెలు తట్టింది. మా వైపు చుట్టాలొస్తే ముందు కబుర్లు, తర్వాత వంట. ఇక్కడ తినేదాకా సంగతి అడగరు. జొన్నరొట్టె, నూరిన శెనక్కాయల చట్నీ, పచ్చి ఉల్లిపాయ. ఆమె అరచేతుల మధ్య రొట్టె గుండ్రంగా పెరుగుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. నేనూ ఒకటి తడతానని తీసుకుంటే మూడు ముక్కలైంది. "నీది ఆ పక్కన పెట్టు పాపా, కోడికేస్తాం" అంది.

తిన్నాక మాటల్లో తన పాట సంగతి చెప్పింది. ఒకసారి పట్నం నుంచి ఏదో కాసెట్ కంపెనీవాళ్లు పిలిపించుకుని రెండు పాటలు పాడించుకున్నారట. "గొంతు బాగుండాది, యాస బాగల్యా అనిరి. సరే అని వచ్చేస్తి. ఆర్నెల్లకు ఆ పాటలే, నేను కట్టుకున్న వరసలే, ఇంగొకామె గొంతుతో వచ్చె."

నాకు ఒళ్లు మండిపోయింది. కాసెట్ అట్ట మీద హీరో బొమ్మ గోడంత, పాడినవాళ్ల పేరు చీమంత వేసే వ్యాపారం అది. మంచి గొంతు కావాలి, ఆ గొంతు పుట్టిన ఊరు మాత్రం వద్దు. ఈ మాటలన్నీ ఆవేశంగా అన్నాను. అంటుండగానే, పొద్దున ఆమె పేరు గడి నా చేత్తో నేనే తీసేసిన సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అప్పుడు ఖాజా మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆమె భయపడుతుందనుకున్నాం. ఆమె రొట్టె పెనం దించి, "ఆ పాట ఇంగా ఉండాదా ఖాజా?" అంది. "చెరిపేసినావనుకుంటి."

"ఉండాదక్కా. అదే కదా వచ్చిన తంటా."

"తక్కిన పార్టీ పాటలన్నీ వాళ్లు రాసిచ్చినవి, నేను పాడినవి. అదొక్కటే నాది." పెనం గోడకు ఆనిస్తూ, "రేపు పోదాం. నిన్ను ఒక్కణ్నే పంపితే నాకు అన్నం దిగదు" అంది.

ముద్దనూరు దారి

పొద్దున్నే బయల్దేరిన బస్సు తొమ్మిదికి ముందే పులివెందుల చేరాలి. ముద్దనూరు దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. మా వైపు డ్రైవర్లయితే హారన్ మీద చెయ్యి తియ్యరు. ఈ డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. కాపరి మెళ్లో ట్రాన్సిస్టర్ వేలాడుతోంది, ఇద్దరూ వానల సంగతి మాట్లాడుకున్నారు. ఖాజా కిటికీలోంచి "మామా, కొంచెం బిరీన" అంటే, కాపరి "అవి నా మాట యాడ ఇంటాయప్పా, నువ్వే చెప్పు" అన్నాడు. ఆ మంద వెళ్లి, మళ్లీ బయల్దేరిన పది నిమిషాలకు టైరు పంక్చరైంది.

పులివెందుల బస్టాండులో దిగేసరికి తొమ్మిదీ నలభై. చీనీకాయల గుట్టలు, అవే మా బత్తాయిలు, అరటి గెలల లారీలు, ఎక్కడ చూసినా కేకలు. చీనీ రసం గ్లాసు మూడు రూపాయలని బోర్డు చూశాను గానీ తాగలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది. అద్దె జీపు మాట్లాడుకుని ఎక్కాం. రోడ్డుకు రెండు వైపులా చీనీ తోటలు. ఎండిన బోర్ల గొట్టాలు మధ్యమధ్యలో పైకి కనిపిస్తున్నాయి.

ఊరేగింపు

ఊరు కనిపించక ముందే పాట వినిపించింది. ఎస్తేరమ్మ గొంతు, డప్పులు. ఖాజా చెవి ఒగ్గి విన్నాడు. "ఇది ఐదో పాట. దీని వెనకాల ఒగటే ఉండాది, నాలుగు నిమిషాల పది సెకండ్లు."

ఊళ్లోకి అద్దె జీపు రానివ్వలేదు. దిగి పరిగెత్తాం. వీధి నిండా జనం, టపాకాయల పొగ. ముందు జీపులో మెడ నిండా దండలతో అరవై ఏళ్ల పెద్దాయన నిలబడి దణ్ణాలు పెడుతున్నాడు. జీపు నడుస్తున్నట్టు కూడా తెలియనంత నెమ్మదిగా పోతోంది. ఆరో పాట మొదలైంది. ఖాజా జనంలో దూరాడు. ఎవరో చొక్కా పట్టుకున్నారు, "కాసెట్ ఖాజాను అప్పా" అని విడిపించుకున్నాడు. ఓబులేసు దగ్గరికి చేరి చెవిలో అరిచాడు. డప్పుల మోతలో అతనికి వినపడలేదు. "ఏంది?" అంటూ నవ్వుతూ చెయ్యి ఊపాడు.

సరిగ్గా పెద్దాయన ఇంటి ముందు పాట ఐపోయింది. అరుగు మీద ఆయన తల్లి హారతి పళ్లెంతో కూర్చుని ఉంది, ఎనభై దాటిన అవ్వ. హారతి కోసం డప్పులు ఆపారు. ఆ నిశ్శబ్దంలో జీపు మీది స్పీకర్లోంచి టక్కుమని చప్పుడొచ్చింది.

*ఏ దావన పోతివి సుబ్బరాయుడా,*
*పెట్టిన బువ్వ సల్లారిపాయ.*

డప్పూ దరువూ ఏమీ లేవు, ఒట్టి గొంతు. దణ్ణం పెడుతున్న చేతుల్ని పెద్దాయన అలాగే ఆపేశాడు. ఓబులేసు అరబ్బీ బొత్తాలన్నీ నొక్కుతున్నాడు, ఏది నొక్కినా పాట పెరుగుతోంది. నాలుగైదుగురు ఖాజా మీదికి వచ్చారు, ఒకడు జుట్టు పట్టుకున్నాడు. "ఎవురిచ్చినారు ఆ కాసెట్?" అని పెద్దాయన అరిచాడు.

"నేనండీ" అన్నాను. ఎవరూ ఇటు తిరగలేదు. మళ్లీ గట్టిగా, "నేనే ఇచ్చాను" అన్నాను.

"ఆపు జీపు" అని వినిపించింది. అన్నది అరుగు మీద అవ్వ. "ఇంజను ఆపు. పాట మాత్రం ఆపొద్దు. వాణ్ని ఇడిసిపెట్టండి రా."

విడిచిపెట్టారు. ఇంజను ఆగింది. అవ్వ పళ్లెం పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని పాటంతా వింది. చాలా పొడుగు పాట. కొడుకు నడిచిన దావంతా పట్టుకుని తల్లి అడుగుతూ పోతుంది, మీరు చూసినారా అని. సగమయ్యేసరికి ఆ వీధిలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ ఏడ్చాను, సిగ్గుపడను.

పాట ఐపోయాక ఓబులేసు కాసెట్ ఊడబీకాడు. ఖాజా చేతులు జోడించి, పాత కాసెట్ అని, జిల్లా అంతా ఇట్లనే చేస్తామని, ఆ డెక్కు సంగతి తనకు తెలియదని ఏడుస్తూ చెప్పాడు. అవ్వ అతని వైపు చూడనే లేదు. "ఆ కాసెట్ నాకియ్యి. నువ్వు పో నాయనా, నిన్ను ఎవురూ ఏమీ అనరు" అని, కొడుకు వైపు ఒకసారి చూసింది. పెద్దాయన తల దించుకున్నాడు.

"ఎవురిదా గొంతు?"

ఎస్తేరమ్మ ముందుకెళ్లింది. "నాదేనమ్మా. ఎస్తేరమ్మ నా పేరు, జమ్మలమడుగు."

"అవతలోళ్లు నా చిన్న కొడుకును గూడా చంపినారు, ఈ సుబ్బరాయుడి కంటే ముందే." అవ్వ కళ్లలో నీళ్లు లేవు. "వాని పేరు చెప్పి కొట్టుకున్నారు, ఓట్లు అడిగినారు. ఏడ్చేదానికి ఒగ పాట కట్టినోడు ల్యా."

ఎస్తేరమ్మ ఎవరినీ అడక్కుండా అరుగెక్కి ఆమె పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. "చెప్పు మా. పొద్దున లేస్తానే ఏం అడిగేటోడు?"

అవ్వ ఎస్తేరమ్మ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఊరేగింపు ఆగే ఉంది, ఒక్కడూ కదలమనలేదు.

"మీగడ" అంది. "సద్దన్నంలోకి మీగడంతా వానికే ఏయాల. వాళ్లన్న గిన్నెలో ఉంటే గుంజుకునేదానికి పోయేటోడు. వాడు ఇచ్చేటోడు కాదు, వీడు ఏడ్చేటోడు."

పెద్దాయన జీపు దిగాడు. మెడలో దండలతోనే నడిచొచ్చి తల్లి కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒగనాడు గూడా ఇయ్యలేదు మా" అన్నాడు.